వంకర లేని కోత: గైడు బద్దను ఎన్నుకొనుట ఎట్లు?

రెండు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ పోవునని రేఖాగణితము చెప్పును. కాగితము మీద ఆ రేఖను గీయుటకు విద్యార్థికి కొలబద్ద చాలును. కాని ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ప్లైవుడ్ పలకను ఒక చివర నుండి రెండవ చివర వరకు తిన్నగా కోయవలసిన వడ్రంగి పని అంత సులభము కాదు. పలక మీద గీత తిన్నగానే ఉండవచ్చును. రంపము మాత్రము గీతను వదలి పక్కకు పోవచ్చును.

చేతి రంపముతో కోయువాడు గీతను చూచుచు, రంపము దారి తప్పినపుడు మెల్లగా సరిదిద్దుకొనును. విద్యుత్తుతో నడచు చక్రపు రంపము అంత వ్యవధి నీయదు. 185 మిల్లీమీటర్ల వ్యాసము గల రంపపు చక్రము నిమిషమునకు 5,000 సార్లు తిరిగినచో దాని పళ్లు సెకనుకు దాదాపు 48 మీటర్ల వేగముతో, అనగా గంటకు 170 కిలోమీటర్లకు పైబడిన వేగముతో పోవుచుండును. ఇట్టి పనిముట్టును కేవలము కంటిచూపుతో నడపరాదు. దానికి ఆనుకొని పోవుటకు ఒక గోడ వంటిది కావలెను. ఆ గోడయే గైడు బద్ద.

గైడు బద్ద అనగా నేమి?

పలక మీద బిగించి, రంపపు అడుగు రేకు దాని అంచును రాచుకొనుచు పోవునట్లు అమర్చిన తిన్నని బద్దను గైడు బద్ద అందురు. ఇందులో రెండు రకములు సామాన్యముగా వాడుకలో ఉన్నవి. మొదటిది చెక్కతో గాని ప్లైవుడ్‌తో గాని చేసిన పట్టీ. దానిని రెండు చివరల విడి క్లాంపులతో పలకకు బిగింతురు. రెండవది అల్యూమినియముతో చేసి అమ్మునది. దాని రెండు చివరల అడుగున దవడలు ఉండును. ఒక దవడ కదలదు. రెండవది జరిగి, మీటను నొక్కగానే పలకను రెండు అంచుల నడుమ ఇరికించి పట్టును. విడి క్లాంపుల పని లేదు కావున దీనిని అమర్చుటకు కాలము తక్కువ పట్టును.

ఈ రెండింటిలో ఏది మేలు? వెలను బట్టియు, మెరుపును బట్టియు చెప్పుటకు వీలు లేదు. బద్దను ఎన్నుకొనువాడు మూడు ప్రశ్నలు వేయవలెను. అది తిన్నగా ఉన్నదా? రంపము ఒత్తినపుడు కూడ తిన్నగా ఉండునా? పని ముగియు వరకు కదలక నిలుచునా? ఈ మూడింటికిని సమాధానము పాఠశాలలో నేర్చు గణితము నందును, భౌతికశాస్త్రము నందును కలదు.

తిన్నదనమును పరీక్షించుట

బద్ద తిన్నగా ఉన్నదో లేదో తెలిసికొనుటకు అంతకంటె తిన్నని బద్ద వేరొకటి కావలెనని చాల మంది తలంతురు. అట్లయినచో ఆ రెండవ దానిని పరీక్షించుటకు మూడవది కావలసి వచ్చును; దీనికి అంతు ఉండదు. నిజమునకు బద్దను దానితోనే పరీక్షింపవచ్చును.

నునుపైన పలక నొకదానిని తీసికొని, దాని మీద బద్దను ఉంచి, సన్నగా చెక్కిన పెన్సిలుతో అంచు వెంట గీత గీయవలెను. అడుగున దవడలు ఉన్న బద్ద అయినచో, దవడల మధ్య దూరము కంటె కొంచెము పొట్టిగా ఉన్న పలకను తీసికొన్నచో అవి అడ్డు రావు. గీత రెండు చివరల చుక్కలు పెట్టవలెను. తరువాత పుస్తకములో పుటను తిప్పినట్లు బద్దను గీతకు ఆవలి వైపునకు బోర్లించవలెను. ఇపుడు అదే అంచు అవే చుక్కలను తాకుచుండును, కాని బద్ద గీతకు రెండవ పక్కన ఉండును. మరల గీత గీయవలెను. రెండు గీతలు ఒకదానిపై నొకటి పడినచో అంచు తిన్ననిది. నడుమ సందు కనబడినచో అంచు వంకర. ఆ సందు వంకరకు రెట్టింపు ఉండును. అంచు నడుమ అర మిల్లీమీటరు ఉబ్బి ఉన్నచో మొదటి గీత అర మిల్లీమీటరు ఒకవైపునకును, రెండవ గీత అంతే రెండవవైపునకును పోవును. సందు ఒక మిల్లీమీటరగును. తప్పు తన్ను తాను రెండింతలు చేసికొని చూపుట ఈ పరీక్షలోని సౌలభ్యము.

ఇందులో ఒక జాగ్రత్త వలయును. బద్దను బోర్లించుటకు బదులు బల్ల మీదనే సగము చుట్టు త్రిప్పి, కుడి కొనను ఎడమకు తెచ్చినను రెండవ గీత గీయవచ్చునని తోచును. విల్లు వలె ఒకేవైపు వంగిన బద్దను ఈ పద్ధతియు పట్టియిచ్చును. కాని సగము దూరము ఒకవైపునకు, తక్కిన సగము రెండవవైపునకు సమముగా వంగిన పాము వంటి వంకరను అది పట్టజాలదు. అట్టి ఆకారము సగము చుట్టు త్రిప్పినను మారదు. రెండు గీతలును ఒకటిగానే పడి వంకర దాగిపోవును. బోర్లించినపుడు మాత్రమే ప్రతి వంకరయు బయటపడును. విద్యార్థులు అట్టముక్కను పాము వంపుగా కత్తిరించి రెండు విధములను చేసి చూచినచో ఈ భేదము స్పష్టమగును.

దారము, కంటిచూపు

వడ్రంగులు తరతరములుగా సుద్ద పూసిన దారమును లాగి పట్టి, మీటి గీత వేయుచున్నారు. బిగువుగా లాగిన దారమును మించిన చవుకయైన సరళరేఖ లేదు. అయితే ఎంత లాగినను దారము తన బరువు వలన కొంత క్రిందికి వంగును. ఆ వంపు నిలువుగా ఉండును గాని పక్కకు ఉండదు. కావున బద్దను నేల మీద పరుండబెట్టి, దారమును అంచు పక్కగా లాగి, సరిగా పై నుండి చూచినచో దారపు వంపు పరీక్షకు అడ్డు రాదు. గాలి మాత్రము తగులరాదు.

ఒక కన్ను మూసి అంచు వెంట చూచుట ఇంకొక పాత పద్ధతి. కాంతి ఋజుమార్గమున పోవుట దీనికి ఆధారము. అంచు కొన దగ్గర కన్ను ఉంచి చూచినపుడు బద్ద పొడవు మిక్కిలి కురుచగా కనబడును; పక్కకు పోయిన వంపు మాత్రము అంతగా కురచపడదు. అందువలన ఎదుట నిలిచి చూచువానికి కనబడని వంకర ఇట్లు చూచువానికి కొట్టవచ్చినట్లు కనబడును.

మూడు బద్దల యుక్తి

పరీక్ష వేరు, తయారు చేయుట వేరు. తిన్నని బద్దను మొట్టమొదట ఎట్లు చేయవలెను? రెండు బద్దల అంచులను ఒకదానికొకటి ఆనించి, నడుమ వెలుతురు దూరని వరకు చిత్రిక పట్టినచో రెండును తిన్ననివగునా? కానక్కరలేదు. ఒకటి ఉబ్బుగాను, రెండవది అంతే పల్లముగాను ఉన్నను వాటి నడుమ సందు కనబడదు.

ఈ చిక్కును మూడవ బద్ద తీర్చును. మూడు బద్దల ఎడమ కొనలకు గుర్తు పెట్టి, ఎప్పుడును గుర్తుకు గుర్తు కలియునట్లు ఆనింపవలెను. ఏదో ఒక చోట వాటి ఉబ్బులను క, గ, చ అనుకొందము, పల్లము ఋణసంఖ్య. మొదటిదియు రెండవదియు అతికినచో క + గ = 0. రెండవదియు మూడవదియు అతికినచో గ + చ = 0. మూడవదియు మొదటిదియు అతికినచో చ + క = 0. మొదటి రెండు సమీకరణముల వలన క, చ సమానములగును. మూడవ దానిలో వాటి మొత్తము సున్న. కావున మూడును సున్నయే. మూడు బద్దలు జతజతలుగా అన్నివిధముల అతికినచో మూడును తిన్ననివి కాక తప్పదు.

లోహపు పనిలో ఈ న్యాయమును ఉపయోగించి చదునైన తలములను చేయు విధమును ఇంగ్లండుకు చెందిన ఇంజనీరు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ సమావేశమున వివరించెను. రెండు పలకలను ఒకదానితో ఒకటి అరగదీయుటకు మారుగా, మూడు పలకలను జతలుగా పోల్చి, ఎత్తుగా ఉన్న చోట్లను మాత్రమే గీకివేయవలెనని ఆయన చెప్పెను. ఏ కొలమానము లేకయే తిన్నదనమును పుట్టించుట ఇందలి విశేషము.

బద్ద వెడల్పు విలువ

తిన్నని బద్ద దొరికినది అనుకొందము. పని అంతటితో ముగియదు. పలక మీద ఊరక ఉన్న బద్ద వేరు, రంపము ఒత్తిడికి లోనైన బద్ద వేరు. పనివాడు రంపమును ముందుకు త్రోయునపుడు అది బద్దను పక్కకు కూడ కొంత ఒత్తును. బద్ద రెండు చివరలనే బిగింపబడి ఉన్నది కావున నడుమ వంగును.

ఈ వంపును మూడు విషయములు నిర్ణయించును. బిగించిన చోట్ల మధ్య దూరము రెండింతలైనచో వంపు ఎనిమిదింతలగును. ఒత్తిడి వచ్చు దిక్కున బద్ద వెడల్పు రెండింతలైనచో వంపు ఎనిమిదవ వంతునకు తగ్గును. ఈ రెండును ఘనము ప్రకారము మారును. మూడవది పదార్థము. యంగ్ గుణకము అల్యూమినియమునకు దాదాపు 70 గిగాపాస్కళ్లు. ప్లైవుడ్‌కు అది రకమును బట్టి మారును గాని సుమారు 7 గిగాపాస్కళ్లు అనుకొనవచ్చును. అనగా ఒకే కొలతల బద్దలలో అల్యూమినియపు బద్ద పదింతలు తక్కువ వంగును.

ఈ లెక్కలను ఒక ఉదాహరణలో చూడవచ్చును. నడుమ వచ్చు ఒత్తిడి 30 న్యూటన్లు, అనగా మూడు కిలోల బరువునకు ఇంచుమించు సమానము అనుకొందము. 25 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందము గల అల్యూమినియపు పట్టీని 1,250 మి.మీ. దూరమున రెండు చోట్ల ఆధారము చేసినచో నడుమ 2.2 మి.మీ. వంగును. అదే మందమున 50 మి.మీ. వెడల్పు పట్టీ 0.28 మి.మీ. మాత్రమే వంగును. కాని ఈ 50 మి.మీ. పట్టీ పొడవును 2,500 మి.మీ.కు పెంచినచో వంపు మరల 2.2 మి.మీ. అగును. పలకను అడ్డముగా కోయుటకు చాలిన బద్ద నిలువుగా కోయుటకు చాలకపోవుటకు కారణమిదే.

ఇపుడు 18 మి.మీ. మందము గల ప్లైవుడ్ నుండి 150 మి.మీ. వెడల్పున చీల్చిన పట్టీని చూడుడు. 2,500 మి.మీ. దూరమునకు కూడ దాని వంపు 0.28 మి.మీ. మాత్రమే. పదార్థము పదింతలు మెత్తనిదైనను వెడల్పు ఆ లోపమును పూడ్చినది. అంగడిలో కొన్న సన్నని లోహపు బద్ద కంటె, మిగిలిన ప్లైవుడ్‌తో చేసికొన్న వెడల్పాటి పట్టీ ఎక్కువ స్థిరముగా ఉండవచ్చునని దీనివలన తెలియుచున్నది.

అమ్మకపు బద్దలను బోలుగా చేయుటలోని మర్మమును కూడ ఈ సూత్రమే చెప్పును. 50 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. ఎత్తు, 1.5 మి.మీ. గోడ మందము గల అల్యూమినియపు పెట్టె గొట్టము, పైన చెప్పిన 50 మి.మీ. వెడల్పు, 6 మి.మీ. మందము గల పట్టీకి దాదాపు సమానముగా నిలుచును. కాని దానిలోని లోహము పట్టీలోని దానిలో మూడింట రెండు వంతులే. నడిమి లోహము వంపును ఎదుర్కొనుటలో చేయు సాయము స్వల్పము. అంచులలోని లోహమే ఎక్కువ పని చేయును.

పొడుగాటి బద్దనే వాడవలసి వచ్చినచో ఒక ఉపాయము కలదు. నడుమ, రంపము పోవని వెనుక వైపున, బద్దకు ఆనించి చిన్న కర్రముక్కను పలకకు కదలకుండ బిగింపవచ్చును. దూరము సగమగును, వంపు సుమారు ఎనిమిదవ వంతగును.

పట్టు, ప్రమాదము

పలకను పట్టియుంచునది ఘర్షణ. దవడలు ఎంత గట్టిగా నొక్కినచో ఘర్షణ అంత హెచ్చును. దవడలకు రబ్బరు పూత ఉన్నచో ఇంకను హెచ్చును. ఇరుకైన దవడ ఒకే చోట తాకును కావున దానిచుట్టు బద్ద ఇరుసు మీద వలె తిరుగజూచును. వెడల్పాటి దవడ దీనిని అరికట్టును. అయితే మితిమీరి బిగించుటయు మంచిది కాదు. దవడలు బద్దకు దిగువన ఉండి నొక్కుచున్నవి కావున ఆ బలము బద్దను నిలువుగా వంచును. బద్దకును పలకకును నడుమ సందు ఏర్పడి రంపపు అడుగు రేకు అందులో దూరవచ్చును. బిగించిన తరువాత రెండు చివరలను, నడుమను చేతితో పక్కకు నెట్టి చూచుట మంచి అలవాటు.

వంకర బద్దకును జారు బద్దకును గల తేడాను ఉపాధ్యాయులు విద్యార్థులకు విడమరచి చెప్పవలెను. స్వల్పముగా వంగిన బద్ద పలకను చెరచును. బీరువాకు ఆనించవలసిన రెండు పలకల అంచులలో ఒక్కొక్కటి ఒక మిల్లీమీటరు పల్లమైనచో అతుకు నడుమ రెండు మిల్లీమీటర్ల సందు ఏర్పడును. అది నష్టమే గాని ప్రమాదము కాదు. కోత నడుమ జారిన బద్ద మనిషికే ముప్పు. రంపము ఒక్కసారిగా పక్కకు తిరిగినపుడు చక్రము గాటులో ఇరుకుకొనును; వెనుకనున్న పళ్లు చెక్కను పట్టుకొని రంపమును పైకెత్తి పనివాని మీదికి విసరును. పలకకు క్రింద ఆధారము సరిగా లేక గాటు మూసికొన్నను ఇదే జరుగును.

కావున కోత పూర్తియైన తరువాత కూడ రెండు ముక్కలును నిలుచునట్లు క్రింద ఆధారములు ఉంచవలెను. చక్రము పలక మందము కంటె కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే క్రిందికి దిగునట్లు అమర్చవలెను. పనివాడు రంపమునకు సరిగా వెనుక గాక కొంచెము పక్కగా నిలువవలెను. కళ్లద్దములు పెట్టుకొనవలెను. చక్రమును ముట్టుకొనుటకు ముందు విద్యుత్తు తీగను ఊడదీయవలెను. విద్యార్థులు ఉపాధ్యాయుని సమక్షమున తప్ప ఇట్టి రంపమును ముట్టరాదు. పైన చెప్పిన తిన్నదనపు పరీక్షలకు రంపము అవసరమే లేదు.

బద్దను ఎచ్చట ఉంచవలెను?

రంపపు అడుగు రేకు అంచునకును చక్రమునకును కొంత దూరము ఉండును. బద్దను గీత మీద కాక ఆ దూరమును లెక్కించి ఉంచవలెను. పనికిరాని చెక్కముక్క మీద బద్దను బిగించి, కొద్దిగా కోసి, బద్ద అంచు నుండి గాటు దగ్గరి అంచు వరకు కొలిచినచో ఈ దూరము తెలియును. అది 96 మి.మీ., గాటు వెడల్పు 2 మి.మీ., కావలసిన ముక్క వెడల్పు 600 మి.మీ. అనుకొందము. కావలసిన ముక్క మీదనే బద్దను ఉంచినచో దాని అంచు పలక చివర నుండి 600 − 96 = 504 మి.మీ. దూరమున ఉండవలెను. మిగులు ముక్క మీద ఉంచినచో గాటు వెడల్పు కూడ చేరి 600 + 2 + 96 = 698 మి.మీ. అగును. వీలైనచో మొదటి విధమే మేలు. ఏలనగా రంపము పొరపాటున బద్దను వదలి దూరముగా పోయినచో మిగులు ముక్కయే చెడును.

బద్ద లంబముగా ఉన్నదో లేదో మూలమట్టముతో చూడవచ్చును. మూలమట్టము చిన్నదైనచో పైథాగొరస్ సిద్ధాంతము అక్కరకు వచ్చును. మూల నుండి పలక అంచు వెంట 900 మి.మీ., బద్ద వెంట 1,200 మి.మీ. కొలిచి గుర్తులు పెట్టినచో ఆ గుర్తుల మధ్య దూరము సరిగా 1,500 మి.మీ. ఉండవలెను. తక్కువైనచో కోణము కురుచ, ఎక్కువైనచో వెడల్పు.

ఎన్నిక

కొనబోవువాడు మొదట తన పని పొడవును చూచుకొనవలెను. రంపపు చక్రము పలకను తాకక ముందే అడుగు రేకు బద్దకు ఆనవలెను. చక్రము పలక దాటు వరకు ఆని ఉండవలెను. కావున బద్ద పలకకు ఇరువైపుల కొంత మిగిలి ఉండుట అవసరము. రెండు ముక్కలను కలిపి పొడుగు చేయు బద్దలలో అతుకే బలహీనస్థానము. బోర్లించు పరీక్షను అతుకు మీద ప్రత్యేకముగా చేయవలెను. తరువాత వెడల్పును, దవడల పట్టును చూడవలెను. వెల చివర చూడవలసినది.

చెక్క బద్దను వాడువారు దానిని అప్పుడప్పుడు మరల పరీక్షింపవలెను. చెక్క గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, ఆరినపుడు ముడుచుకొనును. ఈ మార్పు నార వెంట కంటె నారకు అడ్డముగా చాల ఎక్కువ. వేసవిలో తిన్నగా ఉన్న కర్ర వానకాలమున వంగుటకు ఇదియే కారణము. ప్లైవుడ్‌లో పొరల నారలు ఒకదానికొకటి అడ్డముగా ఉండుట వలన ఈ దోషము తక్కువ. ఏ బద్దనైనను గోడకు ఏటవాలుగా చేరవేయక, నిలువుగా వ్రేలాడదీయుట మంచిది. పరుండబెట్టవలసి వచ్చినచో ప్రతి కొన నుండి పొడవులో సుమారు తొమ్మిదింట రెండు వంతుల దూరమున ఆధారములు ఉంచినచో సొంత బరువు వలన కలుగు వంపు మిక్కిలి తక్కువగా ఉండును.

ఉన్నత పాఠశాలలలో ఈ విషయమును ఒక గంటలో చేసి చూపవచ్చును. మూడు బద్దలు, పెన్సిలు, దారము చాలును. తరగతిలో ప్రతి విద్యార్థియు తన కొలబద్దను బోర్లించి రెండు గీతలు గీసి చూచినచో, తాను ఇంత కాలము సరళరేఖలని నమ్మి గీసినవి ఎంతవరకు సరళములో తెలియును. తిన్ననిదని ఇతరులు చెప్పిన మాటను నమ్మవలసిన పని లేదు; పరీక్షించు విధము తెలిసినవాని చేతిలో వంకర బద్ద ఎంతో కాలము దాగదు.